‘చేరనా?’ అను వాక్యమునకు కురుపాం మార్కెట్ వ్యాఖ్య

అవతారిక

కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్య మొదట్లోనే ఒక ఒట్టు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. ఆయన మెతుకుసీమ మనిషి, మాట మీద నిలబడ్డాడు. నేను విశాఖపట్నం వన్‌టౌన్ మనిషిని. ఒట్టులో మొదటి సగం పాటిస్తాను, రెండో సగం నా వల్ల కాదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పి రిటైరైనవాణ్ణి అక్కర్లేనిది చెప్పొద్దంటే రోజంతా ఏం చేసుకోను?

గ్రంథం మా ఆవిడ ఫోనులో దొరికింది. కాలం శుక్రవారం ఉదయం ఆరున్నర. కర్త మా మనవరాలు, కూతురి కూతురు. మూడో తరగతి దాకా మా దగ్గరే వన్‌టౌన్‌లో చదువుకుని, తరవాత వాళ్ళమ్మానాన్నలతో టెక్సాస్ వెళ్ళింది. ఈ ఆగస్టులో అక్కడే యూనివర్సిటీలో మొదటి ఏడులో అడుగుపెట్టింది. ఏ గ్రంథానికైనా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు చెప్పాలి. విషయం ముందుంది. ప్రయోజనం చివర్న తేలుతుంది. సంబంధం రక్తసంబంధం. అధికారి, అంటే చదవడానికి అర్హత గలవారు, అమ్మమ్మ ఒక్కర్తే. ఆవిడకు కళ్ళజోడు దొరక్క నా చేత చదివించుకుంది. అలా అనర్హుడి చేతిలో పడింది ఈ గ్రంథం.

మూలము

“అమ్మమ్మా, రష్ అయిపోయింది. నాకు బిడ్ వచ్చింది. శుక్రవారం లోపు చెప్పాలంట. ప్లెడ్జ్ ఎనిమిది వారాలు. అందరూ సిస్టర్స్‌లా ఉంటారు. డ్యూస్ నేనే కట్టుకుంటా. చేరనా? అమ్మకి చెప్పకు.”

ఎనిమిది వాక్యాలు. ఎందులో చేరడమో ఒక్క వాక్యంలోనూ లేదు. ముఖ్యమైన మాట మింగేసి చుట్టూ తిరగడం పెద్ద కవుల పద్ధతి. ఆ మింగిన మాట ‘సోరోరిటీ’ అని ఆ తరవాత ఫోనులో అడిగితే తెలిసింది.

పదవిచారము

సోరోరిటీ అంటే అమెరికా కాలేజీల్లో ఆడపిల్లలు అక్కచెల్లెళ్ళుగా ఒప్పుకుని పెట్టుకునే సంఘం. లాటిన్‌లో ‘సోరోర్’ అంటే తోబుట్టువు. ఇది మనకు పరాయి మాట కాదు. సంస్కృతంలో ‘స్వసృ’, లాటిన్‌లో ‘సోరోర్’, ఇంగ్లీషులో ‘సిస్టర్’, మూడూ ఒక తల్లి బిడ్డలే. అమరకోశంలో భగినికి పర్యాయపదంగా కూర్చున్న స్వస ఓడ ఎక్కి అట్లాంటిక్ దాటి గ్రీకు అక్షరాలు మెళ్ళో వేసుకుంటే అదే సోరోరిటీ. కాలేజీ సంఘాలకు ఈ మాట వాడటం పెద్ద పాతదేం కాదు. 1882లో సిరక్యూస్ యూనివర్సిటీలో ఫ్రాంక్ స్మాలీ అనే లాటిన్ పంతులు తన దగ్గర చదివే పిల్లల సంఘం కోసం వాడుకలోకి తెచ్చాడు. అంతకుముందు ఆడపిల్లల సంఘాలను కూడా ‘ఫ్రెటర్నిటీ’ అనే అనేవారు. అంటే అక్కచెల్లెళ్ళందరూ కాగితం మీద అన్నదమ్ములు. భాషను సరిదిద్దడానికి ఒక పంతులు కావలసి వచ్చిందని తోటి పంతులుగా మనవి చేసుకుంటున్నాను.

సంఘాలు మాటకన్నా పాతవి. 1851లో జార్జియా రాష్ట్రం మేకన్‌లోని వెస్లియన్ కాలేజీలో ఆడపిల్లల రహస్య సంఘం ఒకటి మొదలైంది. గ్రీకు అక్షరాలతో ఆడపిల్లలు పెట్టుకున్న మొదటిది 1870లో ఇండియానాలో. దాని పేరు కప్పా ఆల్ఫా తీటా. ఈ పేరు చదివినప్పుడు మా ఆవిడ ‘కప్పకి తీటేటండీ?’ అంది. ఆవిడ తప్పు లేదు. గ్రీకు అక్షరమంటే మా తరానికి తెలిసింది సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఉండే ఆల్ఫా హోటలూ, లెక్కల మాస్టారి తీటా, అంతే.

ఇక్కడ కాస్త ఆగాలి. పాణిని కూడా ఒక సోరోరిటీ పెట్టాడు. స్వస్రాది గణం అంటారు. సంస్కృతంలో స్త్రీలింగ పదాలకు చివర ఒక ప్రత్యయం తగిలించాలి. ఏడు పదాలకు మాత్రం అక్కర్లేదన్నాడు. స్వసృ, తిసృ, చతసృ, ననాందృ, దుహితృ, యాతృ, మాతృ. తెలుగులో చెబితే తోబుట్టువు, ముగ్గురు, నలుగురు, ఆడపడుచు, కూతురు, తోడికోడలు, తల్లి. వీళ్ళకు బ్యాడ్జీ అక్కర్లేదు, బ్యాడ్జీ లేకుండానే ఆడవాళ్ళని తెలుస్తుంది. సంఘానికి అధ్యక్షురాలు తోబుట్టువు, తల్లి చిట్టచివర. ఆడపడుచూ తోడికోడలూ ఒకే పట్టీలో గొడవ పడకుండా రెండున్నర వేల ఏళ్ళ నుంచి ఉండటం వ్యాకరణంలో తప్ప ఎక్కడా చూడం. మధ్యలో ‘మూడు’, ‘నాలుగు’ అనే అంకెలు ఎందుకు దూరాయో వైయాకరణులు వేరే కారణం చెబుతారు. ఈ మెసేజీ చదివాక అవి డ్యూస్ అయి ఉంటాయని నాకు అనుమానం.

‘రష్ అయిపోయింది’

ఇచ్చట ‘రష్’ శబ్దానికి వన్‌టౌన్ అర్థం చెల్లదు. రష్ అంటే మాకు మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర ఉండేది. ‘ఏ గుడికెళ్ళిందిట?’ అన్నది మా ఆవిడ మొదటి ప్రశ్న. అక్కడి రష్ అంటే సంఘాలు కొత్త పిల్లల్ని పిలిచి, ఫలహారాలు పెట్టి, మాటల్లో దించి, మనకు సరిపోతుందా లేదా అని చూసుకునే వారం పది రోజులు. పిల్లలూ సంఘాన్ని చూస్తారు. పొద్దున్న ఒక చీర, సాయంత్రం ఒక చీర, నవ్వు మాత్రం ఒకటే. విశాఖపట్నంలో దీన్ని పెళ్ళిచూపులు అంటాం. ఉప్మా ఒక్కటే తక్కువ.

‘బిడ్ వచ్చింది’

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకుండా చేపలు పాట పెడతారు. ఎక్కువ పాడినవాడికి బుట్ట. చీటీల్లో పాట ఉంటుంది, తక్కువకు పాడినవాళ్ళకు డబ్బు. మాకు తెలిసిన బిడ్లు ఈ రెండే. సోరోరిటీ బిడ్ మూడోది. లోపలివాళ్ళు కూర్చుని, ఈ పిల్ల కావాలా వద్దా అని తేల్చి, కావాలంటే పంపే పిలుపు. పాడేది వాళ్ళు, బుట్టలో ఉన్నది మన పిల్ల. ‘వచ్చింది’ అనే క్రియ చూడండి. ఉత్తరం వచ్చింది, వాన వచ్చింది, జ్వరం వచ్చింది అన్నట్టు తన ప్రమేయమేమీ లేకుండా దానంతటది వచ్చినట్టు చెప్పింది. అంతకుముందు వారం రోజులు తానే వెళ్ళి కూర్చున్న సంగతి ‘రష్’లో దాగి ఉంది. కర్త తెలివైనది.

ఆ పిలుపు మన దేశాల పిల్లలు పెట్టుకున్న సోరోరిటీ నుంచి. దాని అక్షరాలు ఇక్కడ రాయను, అది పిల్ల గుట్టు. వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి అభ్యంతరం లేదు. 1998 నవంబరులో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, డిసెంబరులో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, అదే నెలలో న్యూయార్క్ సెయింట్ జాన్స్ యూనివర్సిటీలో సిగ్మా సిగ్మా రో. ఒకే చలికాలంలో మూడు చోట్ల అక్కచెల్లెళ్ళు పుట్టుకొచ్చారు. మరుసటి ఏడు టెక్సాస్ ఏ అండ్ ఎంలో డెల్టా కప్పా డెల్టా. కారణం వెతికితే 1965 నాటి వలస చట్టం దగ్గర తేలుతుంది. ఆ చట్టం తలుపు తీశాక వెళ్ళిన డాక్టర్లకూ ఇంజనీర్లకూ అక్కడ పుట్టిన పిల్లలు కాలేజీకి వచ్చే ఈడు సరిగ్గా అదే. ఇంట్లో ఒక భాష, క్లాసులో ఒక భాష, ఆ రెంటి మధ్య నిలబడినవాళ్ళకు తమలాంటి మరో పది మంది కావలసి వచ్చారు. వాళ్ళకు చాలా ముందే, 1908లో, హోవర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి ఆడపిల్లలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. తెల్లవాళ్ళ సంఘాల తలుపులు వాళ్ళకు తెరవని రోజులవి.

అక్షరాల సంఘాలంటే నవ్వేముందు మనవాళ్ళనూ ఒకసారి చూడాలి. అమెరికాలో మన తెలుగు సంఘాలు తానా, ఆటా, నాటా, నాట్స్. గ్రీకువాళ్ళైనా ఇరవై నాలుగు అక్షరాలు ఖర్చు పెట్టారు, మనం నాలుగైదింటిని అటూ ఇటూ తిప్పి సరిపెట్టుకున్నాం. పైగా వాటిలో ఎందులో చేరాలో తేల్చుకోవడానికి ఎవరూ అమ్మమ్మకు మెసేజీ పెట్టరు. ఇంటిపేరు చూసి ఎదుటివాళ్ళే తేల్చేస్తారు. ఆ మాటకొస్తే ఈ పిల్లది మెరుగు, అడిగింది.

‘ప్లెడ్జ్ ఎనిమిది వారాలు’

ఈ మాట వినగానే మా ఆవిడ చెయ్యి మెడలో గొలుసు మీదికి వెళ్ళింది. కురుపాం మార్కెట్‌లో బంగారం కొట్ల మధ్య బతికినవాళ్ళకు ప్లెడ్జ్ అంటే తాకట్టు. ‘ఏటి పెట్టిందది?’ అంది కంగారుగా. రెండో అర్థం ప్రతిజ్ఞ. మాటను తాకట్టు పెట్టడమే ప్రతిజ్ఞ కాబట్టి రెంటికీ ఇంగ్లీషువాడు ఒకే పదం వాడుకున్నాడు, పొదుపరి.

ప్రతిజ్ఞ దగ్గర విశాఖపట్నం ఊరుకోదు. 1962లో ఈ ఊళ్ళోనే, జిల్లా ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో ఒక ప్రతిజ్ఞ రాశారు. సొంతూరు నల్లగొండ జిల్లా అన్నెపర్తి. తెన్నేటి విశ్వనాథం దాన్ని విద్యామంత్రి పి.వి.జి. రాజు చేతికి చేర్చారు. 1963లో ఈ ఊరి బడిలో పిల్లలు చదివారు, 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదువుతోంది. దేశంలో ఉన్నవాళ్ళందర్నీ తోబుట్టువులుగా ఒప్పుకునే ప్రతిజ్ఞ అది. తన మాటలు దేశమంతటా పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయని రాసినాయనకు చాలాకాలం తెలియదట. మనవరాలు పుస్తకం తెరిచి చదువుతుంటే విని తెలుసుకున్నారంటారు. తాతల దాకా సమాచారం చేరే దారి అప్పటికీ ఇప్పటికీ మనవరాలే.

మా కర్త కూడా మూడేళ్ళు రోజూ పొద్దున్నే ఎండలో నిలబడి, చెయ్యి ముందుకు చాపి, ఆ ప్రతిజ్ఞ చేసింది. అంటే ఎనిమిదేళ్ళు నిండకుండానే కోట్ల మంది తోబుట్టువులు, పైసా ఖర్చు లేకుండా. ఇప్పుడు ఓ ముప్పై మంది కోసం ఎనిమిది వారాలా అన్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి, ‘కోట్ల మందికి అర్ధరాత్రి జ్వరమొచ్చిందని ఫోను చెయ్యగలదేటి?’ అంది. వ్యాఖ్యాతకు జవాబు దొరకనప్పుడు ‘ఇది చింత్యము’ అని రాసి ముందుకు పోవడం సంప్రదాయం. ఇది చింత్యము.

శంక: ఎనిమిది వారాలూ ఏం చేయిస్తారు? ర్యాగింగా?

ఇది నవ్వే చోటు కాదు. సంఘం చరిత్ర, స్థాపించినవాళ్ళ పేర్లు వల్లించడం, కలిసి చదవడం, సేవ పనులు, ఒక ఆట కట్టి అందరి ముందు ఆడటం, ఇవి పైకి చెప్పేవి. కొన్ని కాలేజీల్లో లోపల జరిగినవాటికి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అక్కడ దాన్ని హేజింగ్ అంటారు. టెక్సాస్‌లో అది నేరం. 2024 డిసెంబరులో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది, అలాంటివి జరిగితే కాలేజీలు బయటపెట్టాలని. మన దగ్గర 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేశారు. చట్టాలు రెండు చోట్లా ఉన్నాయి కాబట్టి చట్టం అవసరమైనవాళ్ళు కూడా రెండు చోట్లా ఉన్నారని అర్థం. మా ఆవిడ మూడు ప్రశ్నలు చెప్పి నా చేత టైపు చేయించింది. రాత్రి నిద్రపోనిస్తారా? పరీక్షలప్పుడు వదులుతారా? నాలుగో వారంలో నాకొద్దు అంటే మొహం మాడ్చుకోకుండా పంపిస్తారా? మూడింటికీ ‘యెస్ అమ్మమ్మా’ అని వచ్చింది. మూడోదానికి ముందు మూడు చుక్కలు చాలాసేపు ఆడాయి. ఆవిడ ఆ చుక్కలనే చూస్తూ కూర్చుంది.

‘అందరూ సిస్టర్స్‌లా ఉంటారు’

ఇందులో ఉపమాలంకారం. ‘అందరూ సిస్టర్సే’ అని ఉంటే రూపకం, అభేదం చెప్పినట్టు. ‘లా’ అన్నది కాబట్టి పోలికే, తేడా ఉందని కర్తకు తెలుసు. ఉపమానం సంగతి చూద్దాం. మా ఆవిడకు ముగ్గురు సొంత అక్కచెల్లెళ్ళు. వాళ్ళమ్మ నాను ఎవరికి చెందాలన్న విషయంలో రెండేళ్ళు మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఒకే వరసలో కూర్చుని ఒకరి పిల్లల చేత ఇంకొకరికి కబురంపుకునేవారు. సిస్టర్స్‌లా ఉంటారన్న హామీని ఆవిడ ముందు పెట్టడం సాహసం.

అయితే ఆవిడకు నేస్తం ఉంది. ఉత్తరాంధ్రలో నేస్తం అంటే ఉత్త స్నేహితురాలు కాదు, కట్టుకునేది. వీళ్ళిద్దరూ బడిలో ఉండగా ఒకరికొకరు గుడ్డలు పెట్టుకుని నేస్తం కట్టుకున్నారు. అప్పట్నుంచీ పేర్లు పెట్టి పిలుచుకోలేదు, ‘నేస్తం’ అంటే ‘నేస్తం’. ఆవిడది కోటవీధి. ఆవిడ ఇంట్లో పెళ్ళైతే మేం సారె పట్టుకెళ్ళాం, మా ఇంట్లో పురుడొస్తే ఆవిడ పదకొండు రోజులూ వండింది. రష్ లేదు, ఓట్లు లేవు, ఎనిమిది వారాలు లేవు. ఒక జాకెట్టు ముక్క, ఒక మాట. పిల్ల మెసేజీ రాగానే మా ఆవిడ మొదట ఫోను చేసింది ఆవిడకే. నాకు వినపడిన సగం ఇది: ‘మనం కట్టుకున్నట్టే నేస్తం, కాకపోతే మూకుమ్మడిగాను.’ పైన పాణిని దగ్గర మొదలుపెట్టి ఇంతసేపు నేను చెప్పింది ఆవిడ ఒక్క వాక్యంలో అవతల పడేసింది.

‘డ్యూస్ నేనే కట్టుకుంటా’

మన కాలేజీల్లో డ్యూస్ అంటే బకాయి, టీసీ తీసుకునేటప్పుడు నో డ్యూస్ అడుగుతారు. అక్కడ చేరేటప్పుడే మొదలు, సెమిస్టరుకు ఇంతని చందా. ఈ వాక్యం అర్థాపత్తి ప్రమాణానికి ఉదాహరణగా మీమాంస పుస్తకంలో వేయదగ్గది. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు. అయితే రాత్రి తింటున్నాడని చెప్పకుండానే తేలుతుంది. డబ్బు ఎవరూ అడగలేదు, అయినా పిల్ల ‘నేనే కట్టుకుంటా’ అంది. తేలింది ఏమిటో చదువరులు గ్రహించగలరు. లైబ్రరీలో గంటకింత అని పనిచేసే పిల్ల కట్టుకోలేదని కాదు. ఒకరు ‘నేనే కట్టుకుంటా’ అంటే వన్‌టౌన్‌లో ఎవరూ ఊరుకోరు, ఆ సంగతి కర్తకు మూడో తరగతిలోనే తెలుసు.

‘శుక్రవారం లోపు’

వ్యాఖ్యలో దీన్ని వెనక్కి నెట్టాను, కారణముంది. శుక్రవారం మా ఇంట్లోంచి రూపాయి బయటికి కదలదు. పాలవాడికి, పేపరువాడికి, అల్లుడికి అందరికీ ఒకటే రూలు, లక్ష్మి వెళ్ళిపోతుందని. గడువు శుక్రవారం, ఇక్కడ అప్పటికే శుక్రవారం తెల్లారింది. మా ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి ‘అక్కడింకా గురువారం రాత్రే కదండీ’ అంది. నిజమే, పదిన్నర గంటల తేడా. న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయికి ఫోను చేసి, మేనకోడలి ఖాతాలో డబ్బు వేయించింది. పంపింది గురువారం ఉన్న ఊరి నుంచి గురువారం ఉన్న ఊరికి, శుక్రవారం ఉన్నవాళ్ళు నోటితో చెప్పారంతే. ధర్మశాస్త్రంలో దీనికి నిషేధం కనబడదు.

‘చేరనా?’

‘చేరాలా?’ అంటే సలహా. ‘చేరొచ్చా?’ అంటే అనుమతి. ‘చేరనా?’ అన్నది వేరు. చేతిలో లడ్డూ పట్టుకుని నోటి దాకా తెచ్చి ‘తిననా?’ అనే పిల్ల మాట అది. కాలు గుమ్మం దాటింది, ‘వద్దు’ అంటే వెనక్కి తియ్యాలి. ఇంతవరకు సామాన్యార్థం. ఇందులో శ్లేష కూడా ఉంది. ‘చేరను’ అనే వ్యతిరేక క్రియకు ప్రశ్నార్థకమైన ఆ కారం చేరినా రూపం ‘చేరనా?’ అనే అవుతుంది. అప్పుడు అర్థం: ‘చేరకుండా ఉంటాననుకున్నావా?’ ఒకే మాటలో ప్రార్థనా ఉంది, ప్రకటనా ఉంది. శ్రీనాథుడు చూస్తే మురిసిపోయేవాడు. కర్త ఏ అర్థంలో వాడిందో ఫోనులో స్వరం లేదు కాబట్టి తేల్చలేం. రెంటికీ కలిపి మా ఆవిడ ‘నీ ఇష్టం తల్లీ’ అని రాయమంది. రాశాను. నలభై ఆరేళ్ళ కాపురంలో ‘మీ ఇష్టం’ అని ఆవిడ నాతో ఎన్నోసార్లు అంది. ‘తల్లీ’ లాంటిది చివర్న రావడం మాత్రం ఇదే చూడటం. అది రాకపోతే అర్థం తలకిందులవుతుందని నేను అనుభవం మీద చెబుతున్నాను.

‘అమ్మకి చెప్పకు’

స్పష్టము.

పాఠాంతరములు

ఆదివారం రాత్రి మా అమ్మాయి ఫోను చేసింది. అదీ ఇదీ అయ్యాక ‘అది నీతో ఏమైనా చెప్పిందా అమ్మా?’ అంది. మా ఆవిడ రెప్ప వేయకుండా ‘ఏటి? ఏం చెప్పలేదే’ అంది. రహస్య సంఘాల్లో ఎనిమిది వారాలు నేర్పే విద్య ఈవిడకు పుట్టుకతో వచ్చింది. అవతల కాసేపు నిశ్శబ్దం. తరవాత మా అమ్మాయి అంది: ‘నాకు చెప్పింది. అమ్మమ్మకి చెప్పొద్దంది.’

మెసేజీ పంపమన్నాం, పంపింది. ప్రతి ‘అ’లో ‘అమ్మమ్మా’ ఉన్నచోట ప్రతి ‘ఆ’లో ‘అమ్మా’ అనీ, ‘అమ్మకి చెప్పకు’ ఉన్నచోట ‘అమ్మమ్మకి చెప్పకు’ అనీ ఉంది. మూడో ప్రతి మర్నాడు న్యూజెర్సీలో బయటపడింది. అందులో ‘మావయ్యా’ అని మొదలై, చివర ‘అమ్మకీ అమ్మమ్మకీ చెప్పకు’ అని ముగుస్తుంది. తేదీలు చూస్తే మావయ్య ప్రతి అన్నిటికన్నా పాతది. వాడు మేం చెప్పకముందే ఒకసారి డబ్బు వేసి, మేం చెప్పాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ వేశాడు.

ముఖ్యభేదాలు ఇంతే. ‘రష్’ వాక్యం ఒక ప్రతిలో లేదు, ‘ఎనిమిది వారాలు’ అన్నచోట ఒక ప్రతిలో ‘రెండు నెలలు’ అని ఉంది. డ్యూస్ వాక్యం మాత్రం మూడు ప్రతుల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒక్కలాగే ఉంది.